ముందు మనుషులు, తర్వాతే దస్తావేజులు

చిట్టితల్లికి,

మన వంశవృక్షం రాయబోతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఆ సంతోషంలో రాత్రి నిద్రే పట్టలేదు. తెల్లారేసరికి మాత్రం భయం పట్టుకుంది. అప్పుడే ఆన్‌లైన్లో ఈసీలు, అంటే పొలాల అమ్మకాలూ తాకట్టులూ చూపే కాగితాలు, తీయిస్తున్నావట! ఎవరు చెప్పారు నీకు అక్కడ మొదలుపెట్టమని?

నీ పేరుతో మొదలుపెట్టి వెనక్కి వెళ్లు. ఆడవాళ్లకు పుట్టింటి ఇంటిపేరు కూడా రాయి, లేకపోతే సగం వంశం పోయినట్టే. తాత పేరు మనవడికి పెట్టుకుంటాం కాబట్టి పేరొక్కటే చూసి ఇద్దరినీ ఒకరనుకోకు, తండ్రి పేరు కలిసిందో లేదో చూడు. 1925కి ముందు దస్తావేజుల్లో తూర్పుగోదావరి అని ఉండదు, ఉత్త గోదావరి జిల్లా. 2022 నుంచి మనది కోనసీమ. జిల్లా వేరే ఉందని పక్కన పడేసేవు.

ఇక నా సంగతి విను. 1996 వేసవిలో నేనూ నీలాగే ఉత్సాహంగా బయల్దేరాను. తిన్నగా మా బాబాయి ఇంటికి వెళ్లి, చెప్పులు విడుస్తూనే, "పాత దస్తావేజులు ఓసారి చూపించు బాబాయ్" అన్నాను. కాలవగట్టు చేను పంపకం అప్పటికి తేలలేదు. ఆ ఊసే నాకు తట్టలేదు. ఆయన మొహం మాడిపోయింది. "ఎవరు పంపారురా నిన్ను?" అన్నాడు. మా పిన్ని మంచినీళ్ల చెంబు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. ఎంత చెప్పినా నమ్మలేదు. నేనటు వెళ్లగానే అటక మీది రేకుపెట్టె దింపించి, తోటలో కొబ్బరికాయల పాకలో దాచాడట. నవంబరు 6 తుపానుకి పాకా పోయింది, పెట్టే పోయింది. తోటలో నిలబడ్డ చెట్లు వేళ్ల మీద లెక్కపెట్టాలి.

దస్తావేజులకు రిజిస్ట్రారు ఆఫీసులో నకళ్లైనా దొరుకుతాయి. ఆ పెట్టెలో రంగం నుంచి, అంటే బర్మాలోని రంగూన్ నుంచి, వచ్చిన కార్డులుండేవమ్మా. మా తాతయ్య అన్నగారు కాకినాడలో ఓడెక్కి రంగం వెళ్లారు, బియ్యం మిల్లులో పనికి. 1941 డిసెంబరులో అక్కడ జపాన్ బాంబులు పడ్డాక మనవాళ్లెందరో అడవిదారిన నడిచి వచ్చేశారు. ఆయన రాలేదు. చిన్నప్పుడు ఒక కార్డు చూశాను. అంచులు మెత్తబడి, సిరా గోధుమరంగుకి తిరిగింది. "ఇచట వానలు మన శ్రావణమును మించినవి. పెద్ద ఆవు ఈనెనా?" అని ఉంది. ఆయన గురించి నీకివ్వడానికి నా దగ్గర మిగిలింది ఆ ముక్కే.

బాబాయి పోయేదాకా నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆయన్ని తప్పుపట్టను. అడగడం చేతకానిది నాకు.

అందుకని తల్లీ, ఎవరింటికెళ్లినా పొలం మాట ఎత్తకు. పాత పెళ్లి ఫొటో పట్టుకెళ్లి "వీళ్లెవరు?" అని అడుగు, చాలు. ఈసీలు ఎక్కడికీ పోవు. మనుషులే ఆగరు.

ముందు మా మేనత్త దగ్గరికి రా. ఆవిడకి ఎనభై ఎనిమిది. రంగం వెళ్లిన తన పెదనాన్న పేరు అప్పుడప్పుడు తలుస్తుంటుంది. మెత్తని పాలకోవా తీసుకురా, పళ్లు లేవు. ఫోన్లో రికార్డు చేసే ముందు ఆవిణ్ణి అడుగు. వరదలప్పుడు కోటిపల్లిలో గోదావరి దాటించే పంటు ఎక్కొద్దు, ఆలస్యమైనా చుట్టూ తిరిగి బస్సులోనే రా.

మధ్యాహ్నం పడుకుని లేచాక, నాలుగింటప్పుడు ఆవిడ బాగా మాట్లాడుతుంది. నేనూ పక్కనే కూర్చుంటాను. నోరు మెదపను.

మీ పెదనాన్న