రిటైరయ్యాక మొదలైన ఆయాసం

ప్రశ్న: సిమెంటు రేకుల ఫ్యాక్టరీలో 22 ఏళ్లు పనిచేశాను. సంచులు కోసి ఆస్‌బెస్టాస్ నారను గుమ్మరించడం నా పని. సాయంత్రం నా చొక్కాను మా ఆవిడ పెరట్లో దులిపితే తెల్లగా రాలేది. రిటైరై తొమ్మిదేళ్లయింది. ఇప్పుడు పది మెట్లెక్కితే ఆయాసం. టీబీ మందులు ఆరు నెలలు వాడినా తగ్గలేదు. సిగరెట్ల వల్లేనని కంపెనీ అంటోంది. నేను బీడీ కూడా ముట్టలేదు. పరిహారం వస్తుందా?
- ఒక పాఠకుడు, సంగారెడ్డి

జవాబు: అడగడానికి మీకు పూర్తి హక్కుంది. ఆ నార పోగులు ఊపిరితిత్తుల్లో చేరితే కరగవు. జబ్బు బయటపడటానికి 20, 30 ఏళ్లు పట్టవచ్చు. ఛాతీ వైద్యుడికి దగ్గు గురించే కాదు, సంచుల సంగతీ చెప్పండి. చెప్పకపోతే టీబీ అనే అనుకుంటారు. సీటీ స్కాన్‌లో ఆస్‌బెస్టాసిస్ (ఈ నార వల్ల ఊపిరితిత్తులకు వచ్చే జబ్బు) అని తేలితే అది చట్టం గుర్తించిన వృత్తి వ్యాధి. ఈఎస్‌ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) కార్డు ఉండి ఉంటే ఆ నంబరుతో పరిహారానికి అక్కడే దరఖాస్తు చేయండి.

కార్మికుల ఆరోగ్య రికార్డులను చేరిన నాటి నుంచి 40 ఏళ్లు లేదా మానేశాక 15 ఏళ్లు, ఏది తర్వాతైతే అంతవరకు దాచాలని సుప్రీంకోర్టు 1995లో ఆదేశించింది. మీ ఎక్స్‌రేలు 'పారేశాం' అనే వీలు కంపెనీకి లేదు. రిజిస్టర్డ్ పోస్టులో అడగండి. పాత జీతం చీటీలు పారేయకండి.

చొక్కా దులిపిన మీ ఆవిడకూ ఒక ఎక్స్‌రే తీయించండి.