మావారికి షుగర్... అమెరికా వెళ్తున్నాం

ప్రశ్న: డాలస్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్లి ఆరు నెలలు ఉంటాం. మావారికి షుగర్, బీపీ. ఇక్కడి హెల్త్ పాలసీ అక్కడ పనికొస్తుందా?
- ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: సాధారణంగా పనికిరాదమ్మా. మన పాలసీల్లో చాలావాటికి వైద్యం ఇండియాలో జరిగితేనే డబ్బులొస్తాయి. ప్రయాణ బీమా విడిగా తీసుకోండి. షుగర్ సంగతి దాచకండి, క్లెయిమ్ దగ్గర అదే అడ్డం తిరుగుతుంది. పాత జబ్బులకు చాలా పాలసీలు ఇవ్వవు. కొన్ని మాత్రం అవి హఠాత్తుగా ముదిరితే ఇస్తాయి, అదీ ఒక పరిమితి వరకే. పాలసీలో పాత జబ్బుల గురించి రాసిన ఆ పేరా మీ అబ్బాయి చేత చదివించుకోండి. 'డిడక్టిబుల్' ఎంతో కూడా చూడమనండి, అంతవరకు ఖర్చు మన జేబులోంచే.

మెడికేర్ (అక్కడ ముఖ్యంగా పెద్దవయసువాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) తీసుకునే ఆసుపత్రులు ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లను డబ్బు లేదని పంపేయకూడదని అక్కడ 1986 నాటి చట్టం ఉంది. అలాగని బిల్లు మాఫీ కాదు, ఇంటికొస్తుంది. మా అమ్మాయింట్లో మామిడికాయ తరుగుతూ వేలు కోసుకుని, టెన్షన్‌లో ఎమర్జెన్సీకి పరిగెత్తాను. నాలుగు కుట్లకు రెండు బిల్లులు: ఆసుపత్రిదొకటి, డాక్టరుదొకటి! ఇలాంటి చిన్నవాటికి 'అర్జెంట్ కేర్' క్లినిక్ చాలు, ఖర్చు బాగా తక్కువ. గుండెనొప్పి, పక్షవాతం లాంటివైతే మాత్రం ఏమీ ఆలోచించకుండా 911కి ఫోన్ చేయండి.

మీవారి మందుల చీటీ ఇంగ్లీషులో, మందు అసలు పేరుతో (కంపెనీ పెట్టిన పేరు కాదు, జెనరిక్ పేరు) రాయించి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోండి. సూట్‌కేసులో వద్దు.