స్టిర్లింగ్ ఇంజిన్ పిచ్చి ఉన్న అబ్బాయి కోసం 40 లక్షల అప్పా?

ప్రశ్న: మావాడు మెకానికల్ మూడో సంవత్సరం. వేడినీళ్ల గ్లాసు మీద పెడితే తిరిగే స్టిర్లింగ్ ఇంజిన్ బొమ్మ ఒకటి చేశాడు. క్లీన్ ఎనర్జీకి ఇదే ఫ్యూచర్ అంటున్నాడు. 40 లక్షలు లోన్ పెట్టి ఎం.ఎస్.కి పంపాలా, ఇక్కడే ఎం.టెక్. చదివించాలా? మా బావమరిది కొడుకు సాఫ్ట్‌వేర్‌లో బాగా సంపాదిస్తున్నాడు. - ఒక తండ్రి, తణుకు

జవాబు: మీ అసలు టెన్షన్ ఆ చివరి వాక్యంలోనే ఉందండీ. మెకానికల్‌లో చేర్పించి తప్పు చేశానేమో అని. చెయ్యలేదు. పిస్టన్ పక్కనుంచి గాలి పోకుండా, అలాగని బిగుసుకుపోకుండా కూర్చోబెట్టగలిగినవాడు ఎక్కడైనా బతికేస్తాడు. మీరేమో దాన్ని బొమ్మ అంటారు, మళ్లీ ఆ బొమ్మ కోసమే 40 లక్షలు అప్పు చేస్తానంటారు, ఇదేం లెక్క?

ఇక ఫ్యూచర్ సంగతి. ఎండైనా, ఊక మంటైనా, బయటి నుంచి ఏ వేడి తగిలినా లోపలి వాయువు వ్యాకోచించి తిరిగే ఈ ఇంజిన్‌కి పేటెంట్ వచ్చింది 1816లో. అప్పట్నుంచీ "ఇదిగో వచ్చేస్తోంది" అన్నమాటే. అమెరికాలో స్టిర్లింగ్ ఎనర్జీ సిస్టమ్స్ వాళ్ల అద్దాల డిష్ 2008లో ఎండని 31.25 శాతం సామర్థ్యంతో కరెంటుగా మార్చింది, అప్పటికి అది రికార్డు. 2010లో అరిజోనాలో 60 డిష్‌లతో 1.5 మెగావాట్ల ప్లాంటు పెట్టారు, మరుసటి ఏడాదే కంపెనీ దివాలా తీసింది. ఇంజిన్ తిరక్క కాదు, సోలార్ ప్యానెళ్ల ధర పడిపోయి. ప్యానెల్‌లో కదిలేదంటూ ఏమీ ఉండదు, దీంట్లో పిస్టన్లు, సీళ్లు, లోపల హైడ్రోజన్, అది కారకుండా కాపలా. అందుకే దీన్నే నమ్ముకోమని నేను ఎవరికీ చెప్పను. మీవాడి గ్లాసే తీసుకోండి, 100 డిగ్రీల నీళ్లు, 30 డిగ్రీల గది అనుకుంటే సిద్ధాంతం ప్రకారమే సామర్థ్యం 19 శాతం దాటదు, చేతికొచ్చేది అందులో కొంతే. ఈ లెక్క వేశాడేమో అడగండి.

అలాగని పనికిరానిదీ కాదు. స్వీడన్ గోట్లాండ్ తరగతి జలాంతర్గాములు పైకి రాకుండా రెండు వారాలకు పైగా నీటి అడుగున ఉండగలుగుతున్నాయంటే దీని చలవే. నాసా 2018లో నెవాడాలో చిన్న అణు రియాక్టర్ వేడితో దీన్ని నడిపి కరెంటు తీసింది. ఇదే యంత్రాన్ని మోటారుతో తిప్పితే ఒక కొస విపరీతంగా చల్లబడుతుంది, ఇన్‌ఫ్రారెడ్ కెమెరాల సెన్సర్లని చల్లబరిచే క్రయోకూలర్లు చాలావరకు ఇలాంటివే. ఉద్యోగాల మాటకొస్తే నాకు ఆశ ఉన్నది ఇటువైపే.

కాబట్టి గేట్ రాయించండి. ఖరగ్‌పూర్ ఐఐటీలో క్రయోజెనిక్స్ (అతి చల్లదనం మీద పనిచేసే ఇంజినీరింగ్) ఉంది, వరంగల్ ఎన్ఐటీలో థర్మల్ ఇంజినీరింగ్ ఉంది, గేట్ స్కోరుతో చేరితే స్టైపెండ్ వస్తుంది. ఎం.ఎస్. ఎక్కడికీ పోదు, రెండేళ్లు ఉద్యోగం చేశాక వాడి డబ్బుతో వాడే వెళ్తాడు. ఈలోగా సెలవుల్లో మీ దగ్గర్లోని రైస్ మిల్లు బాయిలర్ దగ్గరికి పంపండి. ఊక బూడిద గొట్టాల మీద ఎలా పేరుకుంటుందో, దాన్ని ఎన్నిసార్లు గీకాలో చూస్తే, ఊకతో ఇంజిన్ నడపడంలో కష్టం ఎక్కడుందో వాడికే తెలిసొస్తుంది.