కోడ్ ఏఐయే రాస్తుంటే మా అమ్మాయి ఏం చేయాలి?

ప్రశ్న: మాది పలమనేరు. అమ్మాయి తిరుపతిలో బీటెక్ సీఎస్‌ఈ మూడో ఏడు. కోడ్ రాసే ఏఐ ఏజెంట్లు, సింథటిక్ డేటా మీద రీసెర్చ్ చేస్తానంటోంది. కోడంతా ఏఐయే రాసేస్తే ఉద్యోగాలెక్కడివి, బ్యాంక్ కోచింగ్‌లో చేరమంటున్నాను. ఇంట్లో రోజూ ఇదే గొడవ.

జవాబు: కోచింగ్ ఫీజు అప్పుడే కట్టేయకండి. మీ అమ్మాయి అడుగుతున్నది ఏఐతో పోటీపడి కోడ్ రాసే పని కాదు, అది రాసిన కోడ్ సరైనదో కాదో తేల్చే పని.

2023లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు స్వీ-బెంచ్ అని ఒక పరీక్ష తయారుచేశారు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన 12 ప్రాజెక్టుల్లో నిజంగా వచ్చిన 2,294 సమస్యలు. అప్పట్లో మేటి ఏఐ మోడల్ కూడా నూటికి రెండు సరిచేయలేకపోయింది. ఇప్పటి ఏజెంట్లు, అంటే కోడ్ తామే చదివి, మార్చి, నడిపి చూసుకునే ఏఐలు, చాలా ముందుకెళ్లాయి. వాటికి నేర్పడానికి ఇలాంటి సమస్యలు వేలకు వేలు కావాలి. అన్నీ మనుషులే కూర్చుని తయారుచేస్తే ఎప్పటికి తెమిలేను?

అందుకే బాగున్న కోడ్‌ని కావాలనే చెడగొట్టి సమస్యలు పుట్టిస్తారు. మీ అమ్మాయి చెప్పే సింథటిక్ డేటా అంటే ఇలా కృత్రిమంగా తయారుచేసిందే. బస్ టికెట్ ప్రోగ్రామ్‌లో ‘12 ఏళ్ల లోపు అర టికెట్’ అని ఉందనుకోండి. దాన్ని ‘12 వరకు’ అని మారుస్తారు. ప్రోగ్రామ్ సరిగా పనిచేస్తోందా అని చూసే టెస్టుల్లో పన్నెండేళ్ల పిల్లాడిది ఫెయిలవుతుంది. ఏజెంట్‌కి ఒక కొత్త సమస్య రెడీ! 2025లో వచ్చిన స్వీ-స్మిత్ అనే సాధనం ఇలాంటి పద్ధతులతోనే 128 ప్రాజెక్టుల నుంచి 50 వేల సమస్యలు తయారుచేసింది.

తిరకాసంతా ఆ తర్వాతే. టెస్ట్‌లో పన్నెండేళ్ల పిల్లాడికి పలమనేరు టికెట్ 80 రూపాయలని ఉంటే, ఏజెంట్ తప్పు దిద్దకుండా ‘12 అయితే 80’ అని రాసేసి పాసైపోవచ్చు. మన పిల్లలు గైడ్ బట్టీపట్టినట్టే. చిత్తూరు టికెట్ కూడా 80 కొట్టినప్పుడు గానీ బండారం బయటపడదు. స్వీ-బెంచ్‌లోని కొన్ని సమస్యల్ని 2024లో ఓపెన్‌ఏఐ (చాట్‌జీపీటీ సంస్థ) కొందరు డెవలపర్ల చేత మళ్లీ చూపిస్తే, ప్రశ్నే స్పష్టంగా లేనివి, టెస్టులు సరిగా లేనివి బోలెడు దొరికాయి. ఏరి 500 ఉంచారు.

కాబట్టి అమ్మాయికి ముందు కావలసింది ఇతరులు రాసిన కోడ్ ఓపిగ్గా చదవడం. పైథాన్, కోడ్‌లో మార్పుల లెక్క ఉంచే గిట్, ప్రోగ్రామ్‌ని ఏ కంప్యూటర్లోనైనా ఒకేలా నడిపించే డాకర్, టెస్టులు నడిపే పైటెస్ట్ చేతికి రావాలి. ఏదైనా ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో, అంటే కోడ్ అందరికీ అందుబాటులో ఉన్నదాంట్లో, ఒక చిన్న బగ్ (తప్పు) సరిచేసి, దానికి టెస్ట్ కూడా రాసి పంపమనండి. ‘ఏఐలో 30 రోజుల సర్టిఫికెట్’ బాపతు కోర్సులకు మాత్రం పైసా ఇవ్వకండి.

రీసెర్చ్ అంటే కొన్నేళ్లు స్టైపెండ్‌తో సరిపెట్టుకోవాలి, అది ముందే మాట్లాడుకోండి. గేట్‌కి ఇప్పటినుంచే చదవాలి. ఏర్పేడు దగ్గర ఐఐటీ, శ్రీసిటీలో ట్రిపుల్ ఐటీ మీకు దగ్గర్లోనే ఉన్నాయి. అక్కడి అధ్యాపకుల్లో ఈ రంగంలో పనిచేసేవాళ్లెవరో వెబ్‌సైట్లలో చూసి, తను చేసిన పని జతచేసి వేసవి ఇంటర్న్‌షిప్ కోసం మెయిల్ పెట్టమనండి.