మీ ప్రశ్న - మా జవాబు: చాట్‌లో మీటింగ్ గాడి తప్పితే

ప్రశ్న: మా ఓపెన్ సోర్స్ టీమ్ వారం వారం ఐఆర్‌సీ (టైప్ చేసి మాట్లాడుకునే పాత చాట్ పద్ధతి) చానెల్లో మీటింగ్ పెట్టుకుంటామండి. గంటసేపు మాట్లాడాక ఏం తేలిందో ఎవరికీ గుర్తుండదు. మీటింగ్ వివరాలు రాసిపెట్టే మీట్‌బాట్ అనే ప్రోగ్రామ్ ఉంది కానీ కొత్తవాళ్లకి ఆ కమాండ్లు రావట్లేదు. బటన్లతో వెబ్ పేజీ చేసుకుంటే మంచిదేనా?

జవాబు: తప్పకుండా చేసుకోండి. ఐఆర్‌సీ 1988లో పుట్టింది, అక్కడ అన్నీ టైప్ చేసే పనులే, హ్యాష్ (#) పెట్టి స్టార్ట్‌మీటింగ్ అని కొడితే మీటింగ్ మొదలవుతుంది, కొట్టినవాళ్లే చైర్ (మీటింగ్ నడిపేవాళ్లు) అవుతారు, అలాగే టాపిక్ అని కొడితే విషయం మారుతుంది, ఎండ్‌మీటింగ్ అనగానే బాట్ మినిట్స్ (ఏం తేలిందో చెప్పే సారాంశం) తయారుచేసి పెడుతుంది. చైర్‌గా ఉన్నవాళ్లు మాటలు చదువుతూ, మధ్యలో కమాండ్లు గుర్తుతెచ్చుకుంటూ నడపాలంటే నిజంగా కష్టం, అజెండా ముందే పేజీలో పెట్టుకుని నెక్స్ట్ నొక్కితే సగం భారం తగ్గుతుంది.

ఒక్కటి మాత్రం చూసుకోండి, బటన్ నొక్కితే అదే కమాండ్ చానెల్లో అందరికీ కనపడేలా పడాలి, లేకపోతే వెబ్ పేజీ లేకుండా టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే తెరలో) ఉన్నవాళ్లకి ఏం జరుగుతోందో అర్థంకాదు. ఎవరికి ఏ పనో రాసే యాక్షన్ బటన్‌కి నిక్‌నేమ్ (చానెల్లో వాడే పేరు) తప్పనిసరి చెయ్యండి. పేరు లేని పని ఎవరూ చెయ్యరు!