ఏటా రెండు కార్లూ (పంట కాలాలూ) వరే వేసే చేలో ఎరువులు ఎలా తగ్గించుకోవాలి?

సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) రెండూ వరే వేస్తున్నామని, ఏటేటా ఎరువు బస్తాలు పెంచుతున్నా దిగుబడి కదలడం లేదని, రసాయన ఎరువులు పూర్తిగా మానేస్తే నేల బాగుపడుతుందా అని మీరు అడిగారు. మాది గోదావరి పశ్చిమ డెల్టాలో నాలుగెకరాల నల్లమట్టి చేను. ఇదే ఇబ్బంది నేనూ కొన్నేళ్లు పడ్డాను కనుక, ఒక్కసారిగా మానేయవద్దనే చెబుతాను. ఏడాదికి రెండు పంటల ధాన్యమూ గడ్డీ గట్టు దాటిపోతున్నప్పుడు, పోయిన సారం ఏదో ఒక రూపంలో తిరిగి చేలోకి రావాలి. పోతున్నది ఒకటి, మనం వేస్తున్నది మరొకటి. చిక్కంతా అక్కడే ఉంది.

దాళ్వాలో నేను ఎకరానికి రెండు బస్తాల డీఏపీ, మూడు బస్తాల యూరియా వేసేవాడిని. 50 కిలోల డీఏపీ బస్తాలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20 కిలోలు దాటుతుంది. ఆ లెక్కన ఎకరానికి 80 కిలోల నత్రజని, 46 కిలోల భాస్వరం పడేవి, పొటాష్ మాత్రం చేతిలో డబ్బు మిగిలిన ఏడాదే పడేది. 2010లో పోషకాల ఆధారంగా సబ్సిడీ ఇచ్చే పద్ధతి వచ్చినప్పుడు యూరియాను అందులో చేర్చలేదు కాబట్టి అది చవకగానే ఉండిపోయింది, మన చెయ్యి దానివైపే పోయింది. మట్టి పరీక్ష చేయిస్తే భాస్వరం ఎక్కువ, జింకు తక్కువ అని వచ్చింది.

ఆ జింకు సంగతి నాకు ఖరీదైన పాఠమే అయింది. ఒక దాళ్వాలో నాటిన మూడు వారాలకు ఆకుల మధ్య ఈనె పాలిపోయి, ఇరుపక్కలా తుప్పు రంగు మచ్చలు వచ్చాయి. ఆకును వేళ్ల మధ్య వంచితే చిటుక్కున విరిగేది. ఎరువు చాలలేదనుకుని ఇంకో అర బస్తా యూరియా చల్లాను. చేను తేరుకోకపోగా, తరువాత రసం పీల్చే సుడిదోమ పట్టింది. మరుసటి కారులో జింకు సల్ఫేటు కొన్నాను గానీ, ఒక కూలి కలిసొస్తుందని దాన్ని డీఏపీతో కలిపి చల్లించాను. భాస్వరంతో కలిస్తే జింకు మొక్కకు అందదు. నీరు నిలిచే వరి చేలో అసలే దాని లభ్యత తక్కువ, పైగా మాది ఏళ్ల తరబడి భాస్వరం పేరుకున్న నేల. ఇప్పుడు మూడు పంటలకొకసారి ఎకరానికి 20 కిలోల జింకు సల్ఫేటును ఆఖరి దమ్ములో (నాట్లకు ముందు చేసే బురద దుక్కిలో) విడిగా వేసి, డీఏపీకి మూడు రోజుల ఎడం ఇస్తున్నాను. పైరు మీద లోపం కనబడితే లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున, ఐదు రోజుల తేడాతో రెండు మూడు సార్లు పిచికారీ చేయిస్తే సరిపోతోంది.

పొటాష్ లెక్క గడ్డిలో ఉంది. మొక్క తీసుకున్న పొటాషియంలో ఎక్కువ భాగం గింజలోకి పోదు, గడ్డిలోనే ఉండిపోతుంది; టన్ను గడ్డిలో సుమారు 15 కిలోలు ఉంటుంది. ఎకరం గడ్డి అమ్మితే వచ్చే డబ్బు కనబడుతుంది, దానితోపాటు వెళ్లిపోయిన బస్తాకు పైగా పొటాష్ కనబడదు. తగలబెడితే నత్రజని దాదాపు అంతా గాలిలో కలిసిపోతుంది. మిషను కోత వచ్చాక నేను సార్వా గడ్డిని పశువులకు తోలుకుని, దాళ్వా గడ్డిని చేలోనే దున్నిస్తున్నాను.

దాళ్వా కోతకూ సార్వా నాట్లకూ మధ్య దొరికే ఖాళీలో, వేసవి వానల పదునుకు పచ్చిరొట్ట ఎరువుగా ఎకరానికి 12 కిలోల జీలుగ విత్తనం చల్లి, పూత మొదలయ్యేలోపు కలియదున్నుతాను. దాన్ని నమ్ముకుని సార్వాలో ఒక బస్తా యూరియా తగ్గించాను. వానలు ఆలస్యమైన ఏడాది జీలుగ మోకాలెత్తు కూడా రాలేదు, ఆ ఏడాది యూరియా తగ్గించలేదు. కౌలు చేసేవారికి ఈ సలహా ఇవ్వడానికి నాకు మొహమాటంగా ఉంటుంది. వచ్చే ఏడాది ఆ చేను ఎవరి చేతిలో ఉంటుందో తెలియనివారు దానికి జీలుగ ఎందుకు చల్లుతారు?

యూరియా ఎంత వేశామన్నదానికంటే ఎప్పుడు, ఎలా వేశామన్నది ముఖ్యం. నిండా నీరున్న చేలో చల్లితే చాలా నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోతుంది. నీరు తీసి బురద పదునులో చల్లి, ఒకటిన్నర రోజు ఆగి పలుచగా నీరు పెట్టాలి. దమ్ములో కొంత, పిలక దశలో కొంత, అంకురం (కంకి తయారవడం మొదలయ్యే) దశలో కొంత. డీఏపీని, కాంప్లెక్సు ఎరువులను పైపాటుగా (నాటాక పైరు మీద) చల్లవద్దు.

ఇప్పుడు దాళ్వాలో మాకు ఎకరానికి ఒక బస్తా డీఏపీ, రెండున్నర బస్తాల యూరియా, ఒక బస్తా పొటాష్ సరిపోతున్నాయి. దిగుబడి పెరగలేదు, తగ్గనూ లేదు. చేను పడిపోవడం, దోమ మందుల ఖర్చు మాత్రం తగ్గాయి. ఇవి మా చేను అంకెలు, వీటినే మీరు వాడవద్దు. దాళ్వా కోత కాగానే, ఏ ఎరువూ వేయకముందే, గట్ల పక్కన, పెంట కుప్పలు వేసిన చోట కాకుండా ఎనిమిది పది చోట్ల జానెడు లోతున మట్టి తీసి, కలిపి, నీడన ఆరబెట్టి, అరకిలో పరీక్షకు పంపండి. జింకు కూడా చూడమని చీటీలో తప్పకుండా రాయండి.