సంఘంలో సభ్యులున్నారు, ధర్నాకు మాత్రం రారు: లోపం ఎక్కడ?

నల్గొండ జిల్లా ఉపాధ్యాయ సంఘంలో సభ్యులున్నా ధర్నాకు ఎందుకు రావట్లేదని అడిగారు కాబట్టి సూటిగా చెప్తా, ముందు మండల శాఖను చూడండి.

ఉపాధ్యాయ సంఘం పీఆర్‌టీయూ అయినా, యూటీఎఫ్ అయినా, ఎస్‌టీయూ అయినా కాగితం మీద నిర్మాణం దాదాపు ఒకటే. ఎంఈవో (మండల విద్యాధికారి) దగ్గర తేలే సమస్యను మండల శాఖ, డీఈవో (జిల్లా విద్యాధికారి) దగ్గరిది జిల్లా శాఖ, జీవోల (ప్రభుత్వ ఉత్తర్వుల) సంగతి రాష్ట్ర కమిటీ చూడాలి. కానీ చాలాచోట్ల మండల శాఖంటే సభ్యత్వ రసీదు బుక్కు, జనవరిలో క్యాలెండర్, అంతే! ఇంక్రిమెంట్ ఆగితే టీచర్ నేరుగా జిల్లా నాయకుడికి ఫోన్ కొడతాడు, ఆయన చేయించి పెడతాడు, అలా సంఘమంటే ఆ ఒక్క మనిషే అన్నట్టు తయారవుతుంది, ఇక ధర్నాకు ఎవరొస్తారు?

ప్రతి స్కూల్లో ఒక బాధ్యుడు ఉన్నాడా, మండల సమావేశాలు అసలు జరుగుతున్నాయా, మహిళా టీచర్లకు 'మహిళా కార్యదర్శి' తప్ప వేరే పదవి ఇచ్చారా అని అడగండి. సభ్యుల జాబితా కూడా తిరగేయండి. 2016లో జిల్లా మూడైంది, 2021లో ఉద్యోగులను కొత్త జిల్లాలకు కేటాయించిన 317 జీవోతో ఎంతోమంది జిల్లాలు మారారు, అలా వచ్చినవాళ్లను కొత్త మండలంలో పలకరించే దిక్కుండదు.

వరంగల్-ఖమ్మం-నల్గొండ టీచర్ ఎమ్మెల్సీ ఎన్నికలప్పుడు మాత్రం ఇవే సంఘాలు స్కూలు స్కూలుకూ తిరుగుతాయి. అంటే మనుషులున్నారు, ఫోన్ నంబర్లూ ఉన్నాయి. సీపీఎస్ (కంట్రిబ్యూటరీ పెన్షన్ పథకం) రద్దు పోరాటానికీ ఆ జాబితానే తీయమనండి.